డాక్టర్‌ను అడగాల్సినవి నా కౌంటర్ మీద అడుగుతున్నారు

సంపాదకుల వారికి నమస్కారం.

నల్లగొండలో 19 ఏళ్లుగా పశువుల మందుల దుకాణం నడుపుతున్నాను. కుక్క కరిచిందనే వార్త లేకుండా మీ జిల్లా పేజీలో వారం గడవదు. కానీ ఇంట్లో కుక్కనో పిల్లినో పెంచుకునేవాళ్లకు దవాఖాన దగ్గర వచ్చే సందేహాల గురించి ఎవరూ ఒక్క ముక్క రాయరు, అందుకే ఈ ఉత్తరం. పొడుగైంది, మీకు చోటు లేకపోతే కత్తిరించుకోండి, పిల్లి సంగతి మాత్రం తీసేయొద్దు.

దుకాణం పెట్టిన కొత్తలో నా దగ్గరికి వచ్చేవాళ్లంతా రైతులు, గొల్లకురుమలు. గొర్రెలకు నట్టల మందు, పాడి బర్రెకు కాల్షియం సీసా, దూడకు పారుడు మందు, ఇదే బేరం. కుక్క మందు కోసం నెలకు ఒకరో ఇద్దరో వచ్చేవారు. ఇప్పుడు సాయంత్రం ఆరు దాటిందంటే స్కూటీ ముందు కుక్కపిల్లను నిలబెట్టుకుని కాలేజీ పిల్లలు, పిల్లిని కూరగాయల సంచిలో పెట్టుకుని ఆడవాళ్లు, ఫోన్‌లో వీడియో చూపిస్తూ "అన్నా, ఇట్ల చేస్తుంది, ఏదన్న గోళీ ఇయ్యి" అనేవాళ్లు వస్తారు. గోళీ కోసం వస్తారు కానీ అసలు వాళ్ల దగ్గర ఉన్నది ప్రశ్న. దాన్ని డాక్టర్‌ను అడగాలి. నేను డీ ఫార్మసీ చదివినవాణ్ని, చీటీ చూసి మందు ఇవ్వడం నా పని, జంతువును పట్టి చూసి రోగం చెప్పడం కాదు. పశువైద్యులు ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు చదివి, వెటర్నరీ కౌన్సిల్‌లో పేరు నమోదు చేయించుకుని ఆ పని చేస్తారు. అయినా చాలాకాలం నేనే జవాబులు చెప్పాను. చెబితే బేరం అవుతుంది, ఒప్పుకుంటున్నాను.

ఏడేళ్ల కింద ఒక ఎండాకాలం, రాత్రి షట్టర్ దింపే వేళ ఒకామె వచ్చింది. పిల్లి ఒళ్లు కాలిపోతోంది, రెండు రోజుల నుంచి ముద్ద ముట్టట్లేదు, పొద్దటి దాకా ఆగడానికి ఏదన్నా ఇయ్యన్నా అంది. పిల్లికి వేసే జ్వరం మందు నా దగ్గర లేదు. ఇంట్లో పారాసిటమాల్ ఉంటే పావు ముక్క వెయ్యమ్మా, పొద్దున డాక్టర్‌కు చూపించు అన్నాను. చంటిపిల్లలకే వేస్తాం గదా, పావు ముక్కకు ఏమవుతుందిలే అనుకున్నాను. ఆమె సగం వేసింది, తగ్గలేదని తెల్లవారుజామున ఇంకో సగం వేసింది. పొద్దెక్కేసరికి పిల్లి మూతి వాచింది, చిగుళ్లు ఎర్రగా ఉండాల్సినవి మట్టిరంగుకు తిరిగాయి, మధ్యాహ్నానికి ఊపిరి అందక పోయింది. మూడు రోజులకు ఆమె మళ్లీ నా దుకాణానికి వచ్చి "నువ్వు పావే చెప్పినవ్ అన్నా, నేనే ఎక్కువ వేసిన" అని తప్పు తన మీదే వేసుకుంది. పావు కూడా చెప్పకూడదని ఆమెకు తెలియదు. ఆ రాత్రి నాకూ తెలియదు.

తర్వాత ఒక డాక్టర్‌ను అడిగి తెలుసుకున్నాను. మనిషి కాలేయం పారాసిటమాల్‌ను విరిచి బయటికి పంపేస్తుంది, పిల్లి కాలేయానికి ఆ శక్తి చాలా తక్కువ. అది విషంగా మారి ముందు రక్తాన్ని దెబ్బతీస్తుంది, రక్తం ఆక్సిజన్‌ను మోయలేకపోతుంది, చిగుళ్ల రంగు మారేది అందుకే. దీనికి ఎసిటైల్‌సిస్టీన్ అనే విరుగుడు ఉంది, కానీ గంటల్లో అందాలి. కుక్కకు కూడా మనం వాడే నొప్పుల గోళీలు, ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి వేస్తే పొట్టలో పుండ్లు పడి రక్తం కక్కుతుంది, కిడ్నీలు దెబ్బతింటాయి. డైక్లోఫెనాక్ సంగతి పశువుల మందుల వాళ్లకు బాగా తెలుసు. అది వేసిన పశువుల కళేబరాలు తిని రాబందులు లక్షల్లో చచ్చాయని 2006లో పశువులకు వాడకం ఆపించారు. అయినా ఇప్పటికీ "మనుషులదైనా పర్లేదు, నొప్పి సూది ఇయ్యి" అనేవాళ్లు ఉన్నారు.

ఆ పిల్లి తర్వాత నేను ఒక నోట్‌బుక్ పెట్టుకున్నాను. కౌంటర్ మీద ఎవరు ఏం అడిగినా రాసుకోవడం, తీరిక దొరికినప్పుడు తెలిసిన డాక్టర్లకు చూపించి సరిచూసుకోవడం. కింద రాసేవి ఆ నోట్‌బుక్‌లోవే.

అన్నిటికన్నా ఎక్కువసార్లు రాసుకున్నది కుక్కపిల్ల రక్తపు మోషన్స్ గురించి. కథ ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. హైదరాబాద్‌లో ఎవరో అమ్మితే కొన్నారు, నెల రోజుల పిల్ల, "టీకా అయిపోయింది" అని చెప్పారు, తెచ్చిన వారానికి తిండి మానేసింది, కక్కుతోంది, రక్తంతో పారుతోంది, భరించలేని వాసన. ఇది చాలావరకు పార్వో. వైరస్ జబ్బు కాబట్టి నేనిచ్చే గోళీతో పోదు, పిల్ల చచ్చేది ఒంట్లో నీళ్లు అయిపోయి, అందుకే డాక్టర్ రోజూ గ్లూకోజ్ ఎక్కించడానికి రమ్మంటాడు. డబ్బుల కోసం తిప్పుతున్నాడని నా దగ్గరికొచ్చి తిడతారు. తిప్పడం కాదది, నాలుగైదు రోజులు పిల్ల ప్రాణం ఆ సీసా మీదే ఉంటుంది. ఇంకొకటి, పిల్ల పోయిందని బాధపడి అదే నెలలో ఇంకో పిల్లను అదే ఇంటికి తేవద్దు. ఆ వైరస్ నేల మీద నెలల తరబడి బతుకుతుంది, మామూలు ఫినాయిల్‌కు చావదు, బ్లీచింగ్ నీళ్లకు చస్తుంది.

8 వారాలు నిండని పిల్లను అమ్మకూడదని 2017లో కేంద్రం తెచ్చిన నిబంధనల్లోనే ఉంది. అమ్మేవాడికి తెలిసినా చెప్పడు, కొనేవాడు అడగడు. టీకా అయిపోయిందంటే కార్డు చూపించమనండి. అందులో టీకా సీసా మీది స్టిక్కర్ అంటించి ఉండాలి, తేదీ ఉండాలి, డాక్టర్ సంతకం, రిజిస్ట్రేషన్ నంబర్ ఉండాలి. బాల్‌పెన్నుతో రెండు టిక్కులు కొట్టి ఇచ్చిన కార్డులు నేను ఎన్ని చూశానో లెక్క లేదు.

ఒకసారి సూది వేసినంక మళ్లీ మళ్లీ ఎందుకు అనేది రెండో ప్రశ్న. దీనికి జవాబు రైతులకు చెబితే చిటికెలో అర్థమవుతుంది, టౌన్ వాళ్లకే టైం పడుతుంది. బర్రె ఈనగానే దూడకు ముర్రుపాలు తాపుతాం గదా, తల్లి రక్షణ దూడకు వస్తుందని. కుక్కపిల్లకు కూడా తల్లి పాలతో ఆ రక్షణ వస్తుంది, కొన్ని వారాలు ఉంటుంది. అది ఒంట్లో ఉన్నన్నాళ్లు మనం వేసిన టీకాను కూడా పనిచేయనివ్వదు. ఏ పిల్లలో ఎప్పుడు తగ్గిపోతుందో పైకి చూసి చెప్పలేం. అందుకే 6 నుంచి 8 వారాల మధ్య మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకోసారి చొప్పున 16 వారాలు వచ్చేదాకా వేస్తారు. రేబిస్ టీకా వేరు, 3 నెలలు నిండాక వేసి, తర్వాత డాక్టర్ చెప్పినప్పుడు బూస్టర్. నులిపురుగుల మందు ఇంకా వేరు, చిన్నప్పుడు రెండు వారాలకోసారి వేస్తారు, పెద్దయ్యాక మూడు నెలలకోసారి అంటారు. ఈ మూడింటినీ కలిపేసి "అన్నీ ఒకటే సూదిలో అయిపోయినయ్" అనుకునేవాళ్లే ఎక్కువ.

టీకా సీసా ఇస్తే ఇంటి దగ్గర మేమే వేసుకుంటాం అని అడుగుతారు. టీకా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. నా ఫ్రిజ్‌లో థర్మామీటర్ పెట్టుకుని కరెంటు పోయినప్పుడల్లా టెన్షన్ పడేది అందుకే. మే నెలలో మన ఎండకు జేబులో వేసుకుని మిర్యాలగూడ దాకా బైక్ మీద పోతే అందులో మిగిలేది నీళ్లే. ఐస్ పెట్టి ఇచ్చినా సరే, వేసేటప్పుడు పిల్లకు జ్వరం ఉందా లేదా చూడాలి, వేశాక మూతి వాస్తే పక్కన డాక్టర్ ఉండాలి. నేను చీటీ లేకుండా ఇవ్వడం మానేశాను, దాంతో కొందరు పక్క దుకాణానికి పోతున్నారు, పోనివ్వండి.

రేబిస్ గురించి అడిగేవి వింటే భయమేస్తుంది. "మాది ఇంట్లో కుక్క, గేటు దాటదు, దానికెందుకు సూది?" గేటు దాటకపోయినా గేటు సందులోంచి మూతి బయట పెడుతుంది గదా. "మా కుక్కకు సూది వేయించినం, అది కరిస్తే మాకు అక్కర్లేదు గదా?" ఆ మాట డాక్టర్ చెప్పాలి, మీరు కాదు, నేనూ కాదు. ఎవరిది కరిచినా, గోరు గీరుకుని రక్తం చిమ్మినా, ముందు నల్లా కింద పెట్టి సబ్బుతో 15 నిమిషాలు కడగాలి, గడియారం చూసి కడగాలి, తర్వాత నేరుగా మనుషుల దవాఖానకు పోవాలి. పసుపు, కారం, సున్నం పెట్టొద్దు, పసరు తాగి ఊరుకోవద్దు. బొడ్డు చుట్టూ 14 సూదులు అని ఇంకా భయపడేవాళ్లున్నారు, ఆ సూది ఎప్పుడో పోయింది. ఇప్పుడు చేతికే వేస్తారు, మొదటి రోజు, 3వ రోజు, 7వ రోజు, 28వ రోజు అని తేదీలు రాసి ఇస్తారు, చర్మం చీలి రక్తం వచ్చిన గాయమైతే దాని చుట్టూ వెంటనే రక్షణ ఇచ్చే ఇమ్యూనోగ్లోబ్యులిన్ అనే మందు కూడా వేస్తారు. కరిచిన కుక్కను 10 రోజులు గమనించాలి అనేది నిజమే, కానీ ఆ 10 రోజులు అయ్యాక సూది వేయించుకుందాం అని కూర్చోవడం కాదు. రోగం బయటపడ్డాక బతికించే మందు లేదు. ఏటా సెప్టెంబర్ 28న రేబిస్ దినం అని పశువుల దవాఖానల్లో టీకాలు వేస్తారు, జూలై 6న జూనోసిస్ దినం, అంటే జంతువుల నుంచి మనుషులకు వచ్చే జబ్బుల దినం నాడు కూడా వేస్తారు. ఆ రెండు తేదీలకు ఒక రోజు ముందు మీరు మొదటి పేజీలో చిన్న పెట్టె కట్టి వేస్తే చాలామంది పోతారు. మర్నాడు ఫొటో వేస్తే చూసి మురుసుకోవడానికి తప్ప దేనికీ పనికిరాదు.

గోమార్ల సంగతికి వస్తాను, అంటే పిడుదులు. మన దగ్గర ఏడాదంతా ఉంటాయి. జనం చేసే పని ఏంటంటే, పశువుల కొట్టంలో పిచికారీ చేసే మందు సీసా కొనుక్కుపోయి కుక్క మీద పోసేస్తారు, "బర్రెకు పనిచేసింది, కుక్కకెందుకు చెయ్యదు" అని. బర్రెకు, కుక్కకు కలుపుకునే లెక్క ఒకటి కాదు, పైగా కుక్క ఒళ్లంతా నాక్కుంటుంది. చొంగ కారుస్తూ, వణుకుతూ ఫిట్స్‌తో వచ్చిన కుక్కలను చూశాను. అదే ఇంట్లో పిల్లి ఉంటే ఇంకా ప్రమాదం, పర్మెత్రిన్ రకం మందులు పిల్లికి విషం. కుక్కకని రాసిన గోమార్ల మందు కూడా పిల్లికి వేయకూడదు. గొర్రెలకు వేసే ఐవర్‌మెక్టిన్ సూదిని కుక్కకు అంచనాగా వేసేవాళ్లూ ఉన్నారు, కోలీ జాతి కుక్కలకు, వాటి సంకరాలకు అది మెదడుకు ఎక్కి ప్రాణం మీదికి వస్తుంది.

కుక్క మీద కనిపించే గోమార్లు కొన్నే. కడుపు నిండిన ఆడ గోమారు కిందికి దిగి గోడ సందుల్లో, గూడు మూలల్లో వేలల్లో గుడ్లు పెడుతుంది. కుక్కకు మందు పట్టించి గోడను వదిలేస్తే నెలకు మళ్లీ అదే కథ. ఆ గోమార్ల నుంచి వచ్చే జ్వరమే అసలు ప్రమాదం. కుక్క మందంగా పడుకుంటుంది, తినదు, కొన్నిటికి ముక్కులోంచి రక్తం కారుతుంది. డాక్టర్ రక్త పరీక్ష రాస్తే "కుక్కకు గూడ రక్త పరీక్షనా" అని నవ్వుకుంటూ నా దగ్గరికి వస్తారు. మనకు డెంగీ అయితే ప్లేట్‌లెట్లు చూస్తారు గదా, అదే ఇది. ఈ జ్వరాల్లో ఎర్లికియా అనే రకమైతే డాక్సీసైక్లిన్ గోళీలు సుమారు 28 రోజులు రాస్తారు, బెబీసియా అనే రకమైతే మందే వేరు, పరీక్ష లేకుండా రెండూ పైకి ఒకేలా ఉంటాయి. ఇక్కడ నా కౌంటర్ మీద రోజూ జరిగేది చెప్తాను. 28 రోజుల చీటీ తెస్తారు, 5 రోజుల గోళీలు కొంటారు. ఐదో రోజుకు కుక్క లేచి అన్నం తింటుంది, మిగతావి కొనరు. రెండు నెలలకు అదే కుక్క ఎముకలు తేలి మళ్లీ వస్తుంది. డాక్టర్ గారికి నా మనవి, చీటీ రాసి ఇవ్వడమే కాదు, తగ్గినా ఆపొద్దు అని నోటితో ఒక్క మాట చెప్పండి, నేను చెబితే మందులు అమ్ముకోవడానికి చెబుతున్నాడు అనుకుంటారు.

ఆడకుక్క ఉన్న ఇళ్లలో "ఒక్కసారన్న ఈననివ్వాలి, లేకపోతే పాపం" అంటారు. ఇందులో పాపమూ లేదు పుణ్యమూ లేదు. మొదటిసారి ఎదకు రాకముందే ఆపరేషన్ చేయిస్తే పెద్దయ్యాక రొమ్ము గడ్డలు వచ్చే ప్రమాదం బాగా తగ్గుతుంది. ఆపరేషన్ చేయించని కుక్కలకు వయసు మీద పడ్డాక ఎద అయిపోయిన కొన్ని వారాలకు గర్భసంచిలో చీము పడుతుంది, విపరీతంగా నీళ్లు తాగుతుంది, తిండి తినదు, అప్పుడు అర్ధరాత్రైనా ఆపరేషనే, లేకపోతే చస్తుంది. ఏ వయసులో చేయించాలనేది జాతిని బట్టి, ఒళ్లును బట్టి డాక్టర్ చెబుతాడు, దాన్ని వెళ్లి అడగండి. ఎన్ని గంటల ముందు తిండి ఆపాలి, కుట్లు ఎప్పుడు తీస్తారు, మెడకు ఆ ప్లాస్టిక్ గొట్టం ఎన్నాళ్లు ఉంచాలి, ఇవన్నీ ఆపరేషన్ ముందే అడగాలి. అది ఇబ్బందిపడుతోందని జాలిపడి గొట్టం తీసేసి, కుట్లు పీక్కున్నాక నా దగ్గరికి ఆయింట్‌మెంట్‌కు వచ్చేవాళ్ల సంఖ్య తక్కువేం కాదు.

తిండి గురించి పెద్దగా రాయను. పెరుగన్నం మీద కుక్క బతుకుతుంది కానీ బలంగా ఉండదు, గుడ్డో మాంసమో కావాలి. పిల్లికైతే మాంసం తప్పనిసరి, లేకపోతే గుండె, కళ్లు దెబ్బతింటాయి. పెళ్లిలో మిగిలిన బిర్యానీలో ఉల్లిగడ్డ ఉంటుంది, అది వండినా సరే రక్తకణాలను విరగ్గొడుతుంది. కిస్‌మిస్, చాక్లెట్ పెట్టొద్దు. ఉడికిన కోడి ఎముక చీలి పేగుకు గుచ్చుకుంటుంది.

ఎండ గురించి మాత్రం రాయాలి. జడ్చర్లలో ఉండే మా మేనల్లుడు పోయినేడు హస్కీని కొన్నాడు. మంచులో బండి లాగే కుక్కను పాలమూరు ఎండలోకి తెచ్చి, కూలర్ ముందు కూర్చోబెట్టి, "మామా, ఇది మస్తు బద్ధకం" అని ఫోన్ చేశాడు. బద్ధకం కాదురా, ఒళ్లు ఉడుకుతోంది దానికి అన్నాను. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, పాదాల దగ్గర కొంచెం తప్ప, రొప్పడమే దాని కూలర్. పగ్ లాంటి చప్పిడి ముక్కు వాటికి అది కూడా సరిగా సాగదు. కుక్క మామూలు వేడే 101 నుంచి 102.5 ఫారన్‌హీట్ దాకా ఉంటుంది, అది తెలియక చెయ్యి పెట్టి చూసి జ్వరం అని వస్తారు, ముక్కు ఎండిందని కూడా వస్తారు, ముక్కును చూసి జ్వరం చెప్పలేం. కానీ నాలుక ఎర్రగా వేలాడేసి తూలుతుంటే అది వడదెబ్బ. నీడకు తెచ్చి మామూలు నీళ్లు ఒళ్లంతా పోసి ఫ్యాన్ కింద పెట్టి, అలాగే తడిగుడ్డతో దవాఖానకు పోవాలి, నోట్లో బలవంతంగా నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మధ్యాహ్నం తారురోడ్డు మీద మీ చెప్పులు విప్పి నిలబడి చూడండి, అప్పుడు కుక్కను తిప్పండి.

జనం డాక్టర్ దగ్గరికి పోకుండా నా దగ్గరికి ఎందుకు వస్తున్నారు? తప్పంతా వాళ్లదే అని అనలేను. మన జిల్లాల్లో పశువైద్యం అంటే మొదటినుంచీ బర్రెలు, ఎడ్లు, గొర్రెలు. 2019 పశుగణనలో దేశంలోకెల్లా ఎక్కువ గొర్రెలున్న రాష్ట్రం మనదే అని తేలింది, 1.9 కోట్లకు పైగా. సర్కారు డాక్టర్ పొద్దున గాలికుంటు టీకాలకు ఒక ఊరు, మధ్యాహ్నం ఈనలేక ఇబ్బందిపడే ఆవు దగ్గరికి ఇంకో ఊరు పోతాడు. దవాఖాన ముందు బర్రెను నిలబెట్టే ఇనుప చట్రం ఉంటుంది, కుక్కను పెట్టి చూసే బల్ల ఉండదు, తూకం మిషన్ ఉండదు. 1962కి ఫోన్ చేస్తే వచ్చే పశువైద్యం బండి కూడా ముఖ్యంగా రైతు పశువుల కోసమే. అది సరైనదే, బర్రె చస్తే ఒక కుటుంబం కూలబడుతుంది, నేను వాళ్ల టైం తగ్గించమనట్లేదు. కానీ ఊళ్లో కుక్కలు, పిల్లులు పెరిగాయి గదా. వారంలో రెండు సాయంత్రాలు ఫలానా టైంలో పెంపుడు జంతువులను చూస్తాం అని గేటు మీద బోర్డు పెట్టినా చాలు. ఇప్పుడు దవాఖాన ఎప్పుడు తెరిచి ఉంటుందో తెలుసుకోవడానికి కూడా నాకే ఫోన్ చేస్తున్నారు.

ప్రైవేటు క్లినిక్‌ల దగ్గర ఇంకో ఇబ్బంది. ఎంతవుతుందో అడగడానికి జనానికి మొహమాటం, అడిగితే పిసినారి అనుకుంటారేమోనని. కూరగాయల దగ్గర రూపాయికి కొట్లాడేవాళ్లం, ఇక్కడ నోరు మూసుకుని బిల్లు చూసి బయటికొచ్చి తిట్టుకుంటాం, మళ్లీ ఆ గడప తొక్కం. అడగండి. ఈ పరీక్ష దేనికి, ఎంత, ఇది ఈరోజే కావాలా, నా దగ్గర ఇంతే ఉంది, ఇందులో ముందు ఏది చెయ్యాలి అని అడగండి. మంచి డాక్టర్ ఎవరూ దీనికి కోపం తెచ్చుకోరు. డాక్టర్లు కూడా ముందే అంచనా చెప్పి, చీటీ మీద జంతువు బరువు, రోగం పేరు చదవగలిగేలా రాయండి. బరువు లేని చీటీ వస్తే మాకు మోతాదు సరిచూసే దారి ఉండదు. తూకం మిషన్ లేకపోతే ఏం, ఇంట్లో మనుషులు ఎక్కే మిషన్ మీద కుక్కను ఎత్తుకుని ఎక్కండి, తర్వాత ఒక్కరే ఎక్కండి, తీసేయండి, అంతే.

పోయేటప్పుడు ఫోన్‌లో వీడియో తీసుకుపోండి, ఇంట్లో ఫిట్స్ వచ్చిన కుక్క డాక్టర్ ముందు బుద్ధిమంతుడిలా కూర్చుంటుంది. ఏదన్నా మింగితే దాని డబ్బానో స్ట్రిప్పో పట్టుకుపోండి. కరవని కుక్క అయినా నొప్పిలో కరుస్తుంది, మూతికి గుడ్డ కట్టండి, ఊపిరి ఆడకుండా ఉన్నప్పుడు మాత్రం కట్టొద్దు. పిల్లిని చేతుల్లో పట్టుకుపోవద్దు, హారన్ మోగితే అది మీ భుజం చీరి పారిపోతుంది, గాలి ఆడే బుట్టలో మూత కట్టి తీసుకుపోండి. పెద్ద కేసులకు మనకు దిక్కు హైదరాబాద్‌లోని నారాయణగూడ పశువైద్యశాలో రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీయో, నల్లగొండ నుంచైనా మహబూబ్‌నగర్ నుంచైనా సుమారు 100 కిలోమీటర్లు. రాత్రిపూట ఏం చెయ్యాలో, ఎవరికి ఫోన్ చెయ్యాలో మామూలు రోజున మీ డాక్టర్‌నే అడిగి నంబర్ గోడ మీద రాసి పెట్టుకోండి. ఆపద వచ్చిన రాత్రి వెతికితే దొరికేది నా నంబరే, నేను ఎత్తినా ఇప్పుడు మందు చెప్పను.

మా దుకాణాల సంగతి కూడా రాస్తున్నాను, స్ట్రిప్ వెనక ఎర్రగీత ఉన్న మందును చీటీ లేకుండా అడగొద్దు. నేను ఇది రాసినందుకు తోటి దుకాణదారులు నా మీద గుర్రుమంటారని తెలుసు.

మీ పత్రికను అడిగేది ఒక్కటే. ఆదివారం జిల్లా పేజీలో నాలుగు అంగుళాల చోటు ఇవ్వండి, వారానికి ఒక ప్రశ్న, ఒక జవాబు. ప్రశ్నలు నా నోట్‌బుక్ నుంచి పంపుతాను, రెండేళ్లకు సరిపడా ఉన్నాయి. జవాబులు మాత్రం రిజిస్టరైన పశువైద్యులతో రాయించండి, నాతో వద్దు. మొదటిది నిన్న సాయంత్రమే వచ్చింది. తల్లి చచ్చిన కుక్కపిల్లలు నాలుగింటిని అట్టపెట్టెలో పెట్టుకుని కనగల్ దిక్కు నుంచి ఒక పిల్లగాడు వచ్చాడు, వీటికి బర్రెపాలు పట్టొచ్చా అని. పదేళ్లు ఉంటాయేమో. జవాబు నాకు కొంత తెలుసు, అయినా చెప్పకుండా దవాఖాన దారి చూపించి పంపాను. షట్టర్ దింపేటప్పుడు గుర్తొచ్చింది, ఆ వేళకు దవాఖాన మూసేసి ఉంటుందని.

ఇట్లు,
ఒక పశువుల మందుల దుకాణదారు,
నల్లగొండ